పీడీఎఫ్ నుంచి ఫోను తెర దాకా: చిక్కంతా అక్షరం దగ్గరే

సార్వా నారుమళ్లు పోసే రోజులు దగ్గర పడితే గోదావరి డెల్టా రైతుల వాట్సాప్ గుంపుల్లో వరి రకాల కరపత్రాలు తిరగడం మొదలవుతుంది. మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టిన స్వర్ణ, విజేత, కాటన్‌దొర సన్నాలు లాంటి రకాల పంటకాలం, ఎరువుల మోతాదు, తెగుళ్ల సంగతి అన్నీ వాటిలో ఉంటాయి. ఉండేది మాత్రం ఏ4 సైజు పీడీఎఫ్‌లో. ఫోనులో తెరిస్తే పేజీ మొత్తం కనిపిస్తుంది, ఒక్క ముక్కా కనిపించదు. రెండు వేళ్లతో పెద్దది చేస్తే వరుస సగంలో తెగుతుంది. ఒక్కో వరుసకూ కుడికి లాగి, మళ్లీ ఎడమకు లాగి, పై వరుస చదివామో కింది వరుస చదివామో తెలియక, చివరికి చదవకుండానే ఇంకో గుంపుకు పంపేస్తారు.

లెక్క చూస్తే కారణం తేలిపోతుంది. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. మామూలు ఫోను తెర వెడల్పు 70 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అంటే కాగితం మూడో వంతుకు కుంచించుకుపోతుంది, 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్లకు దిగుతుంది. రోమన్ అక్షరమైతే ఆ సైజులోనూ తంటాలు పడి చదవొచ్చు. తెలుగులో అక్షరం కింద వత్తు, పైన గుడి, పక్కన కొమ్ము ఉంటాయి. 4 పాయింట్ల దగ్గర ద, ధ ఒకటే అయిపోతాయి, వత్తు చుక్కగా మారుతుంది.

పీడీఎఫ్‌ను తప్పుపట్టడానికి లేదు. 1993లో అడోబీ దాన్ని తెచ్చిందే, ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ప్రింటర్‌లో తీసినా పేజీ వెంట్రుకవాసి కూడా కదలకుండా ఉండటానికి. ఫలానా గుర్తును పేజీ మీద ఫలానా చోట గీయి అన్నదే అందులో రాసి ఉంటుంది. వెబ్ పేజీ దారి వేరు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక అని మాత్రమే చెబుతుంది. వరుస ఎక్కడ విరవాలో ఫోను తన వెడల్పు చూసుకుని తేల్చుకుంటుంది. ఈ-పుస్తకాలకు వాడే ఈపబ్ కూడా లోపల ఇదే సరుకు: కొన్ని వెబ్ పేజీలు, బొమ్మలు, విషయసూచిక, అన్నీ కలిపి కట్టిన జిప్ మూట.

కాబట్టి మార్పిడి అంటే ఫైలు పేరు చివర మూడక్షరాలు మార్చడం కాదు, మాటలను కాగితం నుంచి విడదీయడం. ఇంగ్లీషు పత్రమైతే పాండాక్, క్యాలిబర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అరగంటలో తెమిలిపోతుంది. తెలుగులో ఆ అరగంట పని అరగంట పనే. దానికి ముందు అక్షరాలను సరిచేసే పని పదిహేను రోజులు తినేస్తుంది. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే వాళ్లు సాధారణంగా ఆ అరగంట కోసమే కొంటారు.

చేతిలో ఉన్నది ఏ రకం పీడీఎఫ్

మొదటి పరీక్ష సులువు. పీడీఎఫ్‌లో ఒక పేరాను వేలితో నొక్కి పట్టి, కాపీ చేసి, వాట్సాప్‌లో ఎవరికో రాస్తున్నట్టు పేస్ట్ చేయాలి. అక్షరాలు అసలు ఎంపిక కాకపోతే అది స్కాన్, అంటే ఫొటోల కట్ట. ఎంపికై, పేస్ట్ చేసినప్పుడు అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు పడితే అది అను, శ్రీలిపి లాంటి పాతతరం ఫాంట్లతో చేసిన పత్రం. తెలుగే పడి, వత్తులు, గుడులు తారుమారైతే యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంఖ్య ఉండే పద్ధతి) కంపోజ్ చేసినా పీడీఎఫ్‌గా మారేటప్పుడు చెదిరిన పత్రం. అంతా సరిగ్గా వస్తే అదృష్టం, నేరుగా శీర్షికల పనికి వెళ్లొచ్చు.

పరీక్ష ఏం చెప్పినా, పీడీఎఫ్ మీద చేయి వేసే ముందు మూల ఫైలు కోసం అడగాలి. రాజమండ్రి, భీమవరం, కాకినాడ డీటీపీ షాపుల్లో కంపోజ్ అయిన గుడి స్థలపురాణాలు, ఊరి సావనీర్లు, సహకార సంఘాల వార్షిక నివేదికలకు ఎక్కడో ఒక పేజ్‌మేకర్ ఫైలో, ఇన్‌డిజైన్ ఫైలో, వర్డ్ ఫైలో ఉండి ఉంటుంది. షాపు వాళ్లు కంప్యూటర్ మార్చిన రోజున అది పోతుంది. అడగడానికి ఒక ఫోను కాల్, లేకపోతే వారం రోజుల ప్రూఫులు.

రాష్ర్టం, వ్యకి్త ఎక్కడి నుంచి వస్తాయి

యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు 128 గడులున్నాయి. ఒక్కో గడి ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు. వత్తులకు విడిగా గడులు లేవు. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని వత్తుగా గీయడం ఫాంటు బాధ్యత. అను తరహా ఫాంట్లలో అక్షరానికి చోటు లేదు, ఆకారానికే ఉంది. తలకట్టు ఒక ముక్క, తకారవత్తు ఒక ముక్క, గుడి ఒక ముక్క. ఈ ముక్కలన్నీ రోమన్ అక్షరాల గడుల్లో కూర్చున్నాయి. కంపోజిటర్ కంటికి తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం అది రోమన్ గుర్తుల వరుసే. ఫాంటు తీసేస్తే తెలుగు పోతుంది. ఫోనులో ఆ ఫాంటు ఉండదు.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. అవి చేసేది ఈ ముక్కకు ఈ అక్షరం అని పట్టిక చూసి మార్చడం. చిక్కు వరుసలో ఉంది. చేతిరాతలోనూ, పాత ఫాంట్లలోనూ ముందు తల అక్షరానికి గుడి పెట్టి, ఆ తర్వాత వత్తు రాస్తాం. యూనికోడ్‌లో హల్లు, పొల్లు, హల్లు, చివరగా గుడి రావాలి. కన్వర్టర్ ముక్కల వరుసనే నమ్ముకుంటే వ్యక్తి కాస్తా వ్యకి్త అవుతుంది, శక్తి శకి్త అవుతుంది. రెండు వత్తులున్న చోట రకారవత్తు ముందుకు దూకి రాష్ట్రం రాష్ర్టంగా, స్త్రీ స్ర్తీగా తేలుతుంది. వార్తల వెబ్‌సైట్ల పాత పేజీల్లో ఈ రూపాలు ఇప్పటికీ కనిపిస్తాయి. చదివేవాడు ఎలాగో సర్దుకుంటాడు. వెతుకుడు యంత్రం సర్దుకోదు. రాష్ట్రం అని వెతికితే ఆ పేజీ రాదు.

దీనికి మందు ఉంది. తెలుగులో గుణింతపు గుర్తు వెనకే పొల్లు రావడం ఎక్కడా సరికాదు. కాబట్టి గుణింతం, పొల్లు, హల్లు అన్న వరుస కనిపించిన ప్రతిచోటా గుణింతాన్ని హల్లు తర్వాతకు జరపాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (ఒక మాటను కాక, ఒక తరహా గుర్తుల వరుసను వెతికి మార్చే పద్ధతి) తెలిసిన ఎడిటర్‌లో ఒక్క ఆదేశంతో పుస్తకమంతా మారుతుంది. రెండు వత్తులున్నప్పుడు రెండో వత్తునూ దాటించాలి కనుక అదే ఆదేశాన్ని ఇంకోసారి నడపాలి. ష్ర్ట, స్ర్త, న్ర్త లాంటివి పట్టుమని పది ఉంటాయి, వాటిని విడివిడిగా వెతికి మార్చుకోవచ్చు. అసలు ఫైలుకు నకలు తీసుకున్నాకే ఇవన్నీ.

పేజ్‌మేకర్ ఫైలు దొరికితే పాఠాన్ని పీడీఎఫ్ నుంచి కాపీ చేయకూడదు. టెక్స్ట్ టూల్‌తో పాఠంలో క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ ఇవ్వాలి. పేజ్‌మేకర్‌లో పాఠం స్టోరీలుగా విడిపోయి ఉంటుంది, ఒక్కో స్టోరీని విడిగా తీయాల్సిందే. శీర్షికలు, బాక్సులు మిగిలిపోయేది ఇక్కడే. ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు వచ్చిన వెర్షన్లు పేజ్‌మేకర్ 6.5, 7 ఫైళ్లను తెరుస్తాయి. పాత యంత్రం మూలన పడి ఉన్న షాపుల్లో అదొక దారి.

అను పీడీఎఫ్ ఒక్కటే ఉండి, కన్వర్టర్ ఫలితం పాడుగా ఉంటే దాంతో కుస్తీ పట్టడం దండగ. ఆ పీడీఎఫ్‌నే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) బొమ్మలుగా మార్చి ఓసీఆర్‌కు, అంటే బొమ్మలోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు, ఇవ్వడం మేలు. అచ్చు శుభ్రంగా, వరుస నిటారుగా ఉంటుంది కనుక ఓసీఆర్ తప్పులు చాలాసార్లు కన్వర్టర్ తప్పుల కన్నా తక్కువే వస్తాయి. యూనికోడ్‌లో చేసి చెదిరిన పీడీఎఫ్‌కూ ఇదే వైద్యం పనిచేస్తుంది. అక్కడ చెదరడానికి కారణం, పీడీఎఫ్ దాచుకునేది అక్షరాల సంఖ్యలను కాదు, ఫాంటులోని ఆకారాల సంఖ్యలను. ఏ ఆకారం ఏ అక్షరమో చెప్పే పట్టిక సరిగ్గా లేకపోతే వత్తులు దారి తప్పుతాయి.

చెమ్మ తగిలిన పుస్తకం, స్కానర్ కన్ను

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి పాత నిధులు ఒకవైపు, ఊళ్లలో ఇళ్ల అటకల మీద ఉన్న పుస్తకాలు ఇంకోవైపు. డెల్టాలో కాగితానికి పెద్ద శత్రువు గాలిలోని చెమ్మ. పుట పసుపుబారుతుంది, గోధుమరంగు మచ్చలు పడతాయి, అంచు అలలా వంకర తిరుగుతుంది. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను చూసిన నేల ఇది. నీళ్లు తాగి ఆరిన పుస్తకంలో వెనక పుట సిరా ముందు పుటకు ఊరి ఉంటుంది. ఇలాంటి దాన్ని నలుపు-తెలుపు రకంగా స్కాన్ చేస్తే మచ్చ నల్లగా మారి అక్షరాన్ని మింగేస్తుంది. గ్రేస్కేల్‌లో గానీ రంగుల్లో గానీ స్కాన్ చేసి, ఆ తర్వాత మచ్చను తేలిక చేసుకోవాలి.

300 డీపీఐ కన్నా తగ్గకూడదు. 12 పాయింట్లు అంటే అంగుళంలో ఆరో వంతు, 300 డీపీఐ దగ్గర 50 పిక్సెళ్లు. అందులో వత్తుకు సగం కూడా దక్కదు. 150 డీపీఐకి దిగితే వత్తుకు మిగిలేది పది, పన్నెండు పిక్సెళ్లు. ద-ధ, ప-ఫ, డ-ఢ, చ-ఛ జంటల్లో తేడా అడుగున ఉన్న చిన్న గీతే. అది ఒకటి రెండు పిక్సెళ్లకు కుంచించుకుపోయాక యంత్రాన్ని తిట్టి లాభం లేదు.

ఫోనుతో తీసేట్టయితే పుట మీద గాజుపలక పెట్టి, కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ ఆపి, ఫోనును పుటకు సమాంతరంగా నిలబెట్టి తీయాలి. పుస్తకం మధ్య మడత దగ్గర వరుస వంగితే ఆ కొసన ఉన్న మాటలన్నీ పోయినట్టే. రెండు పుటలు ఒకే ఫొటోలో పెట్టడం మిగతా అన్ని పొరపాట్ల కన్నా పెద్దది. యంత్రం ఎడమ పుట వరుసను కుడి పుట వరుసతో కలిపి చదివేస్తుంది.

ఓసీఆర్‌కు అందుబాటులో ఉన్న దారులు ముఖ్యంగా రెండు. గూగుల్ డ్రైవ్‌లోకి పుటలు ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరవడం ఒకటి. ఫైలు 2 ఎంబీకి మించకుండా చూసుకోవాలి, అంటే పుస్తకాన్ని చిన్న ముక్కలుగా కోయాలి. రెండోది టెస్సరాక్ట్. ఉచితం, నెట్ లేకుండా సొంత కంప్యూటర్‌లో నడుస్తుంది, తెలుగు డేటా ఫైలు విడిగా దించుకోవాలి. 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి అది న్యూరల్ నెట్‌వర్క్‌తో వరుసను మొత్తంగా చదువుతోంది, అంతకు ముందరి వెర్షన్లతో తెలుగు మీద పని పెట్టుకోవద్దు. వందల పుటలుంటే టెస్సరాక్ట్‌కు రాత్రి అప్పజెప్పి పడుకోవచ్చు.

ఓసీఆర్ 99 శాతం సరిగ్గా చదివింది అంటే గొప్పగా వినిపిస్తుంది. పుటకు సుమారు 2,000 గుర్తులనుకుంటే పుటకు 20 తప్పులు, 200 పుటల పుస్తకంలో 4,000. ఆ తప్పులకు ఒక క్రమం ఉండటమే ప్రూఫులు దిద్దేవాళ్లకు దక్కే ఊరట. అక్షరం పక్కన వచ్చే సున్న (ం) బదులు తెలుగు అంకె సున్న ౦ పడుతుంది. కంటికి రెండూ ఒకటే, గడులు వేరు. అంకెల మధ్య లేని ౦ అంతటినీ ం చేస్తే సరి. విసర్గ బదులు కోలన్ పడుతుంది, దుఃఖం దు:ఖం అవుతుంది. ఘ ఫు అవుతుంది, ఋ బు అవుతుంది. ష, ప తారుమారవుతాయి. పాత అచ్చులో వలపలగిలక, అంటే ర్ బదులు అక్షరం పక్కన వేసే ౯ లాంటి గుర్తు, ఉంటే ఇంకో గొడవ. కర్మను కమ౯ అన్నట్టు అచ్చేసిన రోజుల పుస్తకాల్లో యంత్రం దాన్ని నిజంగానే తొమ్మిది అంకెగా చదువుతుంది. వెబ్ ప్రతిలో దాన్ని ర్మ అనే రాసుకోవడం మంచిది. అరసున్నలు, బండి ఱ మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి, వాటికి గడులున్నాయి. పాత నకార పొల్లుకు కూడా 2021లో యూనికోడ్ 14తో చోటు దొరికింది. కాకపోతే చాలా ఫోన్ల ఫాంట్లలో దాని ఆకారం లేక డబ్బా పడుతుంది. మామూలు న్ వాడటమే నయం.

అంకెల సంగతి వేరే చెప్పాలి. కథలో ఒక వత్తు పోతే పాఠకుడు పూరించుకుంటాడు. పురుగుమందు కరపత్రంలో లీటరు నీటికి 2.5 అన్నది దశాంశ చుక్క పోయి 25 అయితే చేను మాడిపోతుంది. మోతాదులు, తేదీలు, సర్వే నంబర్లు, ఎకరాలు, సెంట్లు ఉన్న పత్రాన్ని ఒకరు మూలం చూసి పైకి చదువుతుంటే, మరొకరు కొత్త ప్రతిలో వేలు పెట్టి సరిచూడాలి. పాత ప్రెస్సుల్లో ప్రూఫులు ఇలాగే దిద్దేవారు. తెలుగు వికీసోర్స్‌లోనూ ఒక పుటను ఒకరు దిద్దితే పసుపు రంగు, రెండో మనిషి సరిచూస్తేనే ఆకుపచ్చ.

ఇక తెగిన వరుసలు. పీడీఎఫ్ నుంచి గానీ ఓసీఆర్ నుంచి గానీ వచ్చిన పాఠంలో ప్రతి వరుస చివర ఎంటర్ ఉంటుంది. అలాగే వెబ్‌కు ఎక్కిస్తే ఫోనులో ఒక పొడుగు వరుస, ఒక పొట్టి వరుసగా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ముందు పేరాల మధ్య ఉన్న ఖాళీ వరుసలన్నిటినీ పాఠంలో ఎక్కడా లేని ఏదో గుర్తుతో మార్చాలి, రెండు ఎట్‌ గుర్తులనుకోండి. తర్వాత మిగిలిన ఎంటర్లన్నిటినీ ఖాళీతో మార్చాలి. చివర ఆ గుర్తును పేరాగా మార్చాలి. పాత పుస్తకాల్లో మాటను వరుస చివర అడ్డగీత కూడా లేకుండా విరిచేవారు, ఆ రెండు ముక్కలను కలపడం కంటితోనే సాధ్యం. పుట పైన పుస్తకం పేరు, కింద పుట సంఖ్య పాఠం మధ్యలోకి జొరబడి ఉంటాయి, ముందే ఏరేయాలి.

ఫోను తెర అడిగేది

శుభ్రమైన పాఠం చేతికి వచ్చాక వర్డ్‌లోనో లిబ్రేఆఫీస్‌లోనో శీర్షికలకు హెడింగ్ 1, హెడింగ్ 2 స్టైళ్లు ఇవ్వాలి. అక్షరం పెద్దది చేసి బోల్డ్ కొట్టినంత మాత్రాన అది శీర్షిక కాదు, యంత్రం దాన్నీ పేరాగానే చూస్తుంది, విషయసూచిక పుట్టదు. స్టైళ్లు ఇచ్చిన ఫైలును పాండాక్‌కు ఇస్తే హెచ్‌టీఎంఎల్ కావాలంటే హెచ్‌టీఎంఎల్, ఈపబ్ కావాలంటే ఈపబ్ ఇస్తుంది. వర్డ్‌లోనే సేవ్ యాజ్ వెబ్ పేజ్ కొడితే ప్రతి పేరాకూ పనికిరాని తోక తగులుతుంది, పైగా ఫాంటు పేరు గౌతమి అని రాసుకుంటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఆ ఫాంటుకు మన నది పేరు పెట్టడం ముచ్చటే. ఫోన్లలో మాత్రం అది ఉండదు.

పేజీ తల భాగంలో మూడు మాటలు తప్పనిసరి. అక్షరాల పద్ధతి యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను ఫైలులో దాచే తీరు) అని, భాష టీఈ (తెలుగు) అని, వ్యూపోర్ట్ (పేజీ పరుచుకునే చోటు) వెడల్పు పరికరం వెడల్పే అని. మొదటిది లేకపోతే బ్రౌజర్ తెలుగును రోమన్ చెత్తగా చూపించవచ్చు. రెండోది లేకపోతే గట్టిగా చదివి వినిపించే సాధనం ఇంగ్లీషు గొంతు తగిలించుకోవచ్చు. మూడోది మరిచిపోతే ఇంత పనీ చేసి మళ్లీ ఏ4 కాగితం దగ్గరికే వచ్చినట్టు. ఫోను దాన్ని కంప్యూటర్ పేజీ అనుకుని కుంచించి చూపిస్తుంది.

వరుసల మధ్య ఎడం రోమన్ లిపికి 1.2, 1.4 చాలు. తెలుగుకు 1.6 నుంచి 1.8 కావాలి. తగ్గిస్తే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. పాఠాన్ని రెండు వైపులా సమంగా సర్దే జస్టిఫై వద్దు. తెలుగులో మాట పొడుగు, సమాసమైతే మరీ. 360 పిక్సెళ్ల తెర మీద వరుసకు మూడు నాలుగు మాటలే పడతాయి, వాటిని సాగదీస్తే మధ్యలో కాలవలు పారతాయి. ఎడమకు సర్ది కుడి అంచును వదిలేయాలి. ఇటాలిక్ కూడా వద్దు. తెలుగుకు వాలు అక్షరం అచ్చులో అలవాటు లేదు, బ్రౌజర్ దాన్ని బలవంతంగా వాలుస్తుంది, గుడులు పక్క అక్షరం మీద పడతాయి. నొక్కి చెప్పాలంటే బోల్డ్ ఉంది.

ఫాంటు జత చేయాలా? ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో సాన్స్ తెలుగు ఉంటుంది, వ్యవసాయ కరపత్రానికి అది చాలు. పుస్తకానికి అందం కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సూరన్న, ఎన్టీఆర్, రామభద్ర లాంటివి ఉచితంగా ఉన్నాయి. జత చేసే ముందు బరువు తగ్గించాలని ఫాంటులోని వాడని ఆకారాలను తీసేస్తుంటారు. అప్పుడు అక్షరాలను కలిపే జీసబ్ పట్టిక కూడా పోతే, వత్తులన్నీ విడిపోయి పొల్లులుగా నిలబడతాయి. ఇంగ్లీషు ఫాంట్లకు అలవాటైన వెబ్ డిజైనర్ చేతిలో ఇది తరచూ జరిగే ప్రమాదం.

కనిపించని గుర్తుల మీదా ఓ కన్నుండాలి. కాటన్‌దొర అని రాయాలంటే న్ తర్వాత జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనిపించని గుర్తు ఉండాలి, లేకపోతే కాటన్దొర అవుతుంది. కన్వర్టర్లు కొన్ని ఈ గుర్తును మింగేస్తాయి, కొన్ని అక్కర్లేని చోట చల్లుతాయి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూలదోసిన తెలుగు అక్షరం గుర్తుందా? జ్ఞ తర్వాత, దీర్ఘానికి ముందు ఈ గుర్తు ఇరుక్కుంటే ఆ రోజుల ఐఓఎస్ దాన్ని గీయలేక కుప్పకూలింది. ఆపిల్ వెంటనే 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ఇప్పుడు ఫోను కూలకపోవచ్చు గానీ, అలా ఇరుక్కున్న గుర్తు వెతుకులాటను మాత్రం చెడగొడుతుంది. పొల్లు వెనక తప్ప మరెక్కడ ఈ గుర్తు కనిపించినా తీసేయొచ్చు.

పద్యం దగ్గర ఆగాలి. నన్నయ నడిచిన రాజమండ్రి చుట్టుపక్కల పత్రాలంటే శతకాలు, అవధాన సంచికలు, పెళ్లి పంచరత్నాలు కూడా లెక్కే. శార్దూలానికి పాదానికి 19 అక్షరాలు, మత్తేభానికీ ఉత్పలమాలకూ 20, చంపకమాలకు 21. 18 పిక్సెళ్ల సైజులో అంత పాదం ఫోను వెడల్పులో పట్టదు, విరుగుతుంది. విరిగిన ముక్క ఎడమ అంచుకే వస్తే నాలుగు పాదాల పద్యం ఎనిమిది పాదాలదిగా కనిపించి లయ పోతుంది. పాదానికి ఎడమ ఖాళీ 2 ఈఎం (అక్షరం సైజుకు రెండింతలు) ఇచ్చి, మొదటి వరుసను అంతే వెనక్కు లాగితే, విరిగిన ముక్క లోపలికి జరిగి కూర్చుంటుంది. పాదం ఎక్కడ మొదలైందో కన్ను పట్టుకుంటుంది. పద్యాన్ని బొమ్మగా అతికించేవాళ్లూ ఉన్నారు. ఆ బొమ్మలో మాటను వెతకలేం, పెద్దది చేయలేం.

పట్టికలు మరో పోరు. రొయ్యల చెరువు మేత పట్టికే తీసుకుంటే పిల్ల వేసిన రోజులు, లక్ష పిల్లకు మేత కిలోలు, రోజుకు ఎన్నిసార్లు, చెక్‌ట్రేలో ఎంత, ఎంతసేపటికి చూడాలి అని ఐదు గడులు. 360 పిక్సెళ్లలో గడికి 70 లోపే. తల మాటలు అక్షరానికో వరుసగా నిలువునా జారుతాయి. అడ్డంగా జరిపే పెట్టెలో పెట్టి మొదటి గడిని కదలకుండా నిలపడం ఒక పద్ధతి. చెరువు గట్టు మీద తడి చేత్తో చూసే పత్రానికి అంతకన్నా మంచిది, ఒక్కో వరుసను ఒక్కో చిన్న పేరాగా విడదీయడం. రోజుల సంఖ్య శీర్షిక, మిగతా నాలుగూ దాని కింద. పత్రం పొడుగవుతుంది. కిందికి జరపడం వేలికి కష్టం కాదు, పక్కకు జరపడమే కష్టం.

పుట సంఖ్యలను పూర్తిగా చెరిపేయకూడదు. ఎవరో వ్యాసంలో ఫలానా పుస్తకం 47వ పుట అని రాస్తే వెబ్ ప్రతిలో అది దొరకాలి. అసలు పుట మొదలైన చోట చిన్న లేత అంకెగా ఉంచితే చాలు. విషయసూచికలోని పుట సంఖ్యలు తీసేసి, ప్రతి పేరునూ ఆ అధ్యాయానికి లింకు చేయాలి. అధోజ్ఞాపికలకు పోయే లింకుతో పాటు తిరిగివచ్చే లింకూ ఉండాలి, లేకపోతే పాఠకుడు పుస్తకం చివర దిగబడిపోతాడు.

ఏ మూటలో కట్టాలి

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. పుటకు 2,000 గుర్తులైతే 6 కేబీ, 200 పుటలకు 1.2 ఎంబీ. ఈపబ్‌లో జిప్ అయ్యేసరికి అది పావు వంతు చుట్టుపక్కలకు వస్తుంది. అదే పుస్తకం గ్రేస్కేల్ స్కాన్ పీడీఎఫ్‌గా అయితే పదుల ఎంబీలు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు మీదో, సిగ్నల్ అందని లంకలోనో ఉన్న మనిషికి ఈ తేడా చాలా పెద్దది.

నవల, చరిత్ర, శతకం లాంటి పొడుగు రచనలకు ఈపబ్ బాగుంటుంది. ఎక్కడ ఆపామో గుర్తుంచుకుంటుంది, అక్షరం సైజు, రాత్రి రంగు పాఠకుడి చేతిలో ఉంటాయి. గూగుల్ ప్లే బుక్స్‌లోకి ఎక్కించుకోవచ్చు, కిండిల్‌కు పంపే సేవ కూడా 2022 నుంచి ఈపబ్ తీసుకుంటోంది. కాకపోతే దాన్ని తెరవడానికి ఒక యాప్ ఉండాలి. రైతు కరపత్రం, పంచాయతీ నోటీసు, గుడి ఉత్సవాల వివరం లాంటి నాలుగైదు పుటల పత్రానికి ఈపబ్ పంపితే సగం మంది తెరవలేక వదిలేస్తారు. వాటికి ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలు మేలు, ఏ ఫోనులోనైనా బ్రౌజర్ ఉంటుంది. షరతు ఒక్కటే. బొమ్మలు విడి ఫైళ్లుగా ఉంటే వాట్సాప్‌లో పంపినప్పుడు అవి వెంట రావు, ఖాళీ చట్రాలు కనిపిస్తాయి. బొమ్మలను బేస్64 రూపంలో (బొమ్మను అక్షరాల వరుసగా రాసే పద్ధతి) ఫైలు లోపలే పొదిగేయాలి. పాండాక్‌కు ఒక్క ఆదేశంతో ఆ పని చెప్పొచ్చు. పొదిగే ముందు బొమ్మ వెడల్పును 1,080 పిక్సెళ్లకు, జేపెగ్ నాణ్యతను 75-80కి దించుకుంటే ఫైలు తేలిగ్గా ఉంటుంది.

హక్కుల విషయం పని మొదలుపెట్టే ముందే చూసుకోవాలి. మన దేశంలో రచయిత మరణించిన ఏడాది ముగిశాక మరో 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. 1919లో కన్నుమూసిన కందుకూరి వీరేశలింగం రాసినవి ఎవరైనా మార్చుకోవచ్చు. వాటికి ఈ మధ్య ఎవరో రాసిన ముందుమాటను, టిప్పణిని మాత్రం అనుమతి లేకుండా కలపకూడదు.

చివరి పరీక్ష తయారు చేసిన కంప్యూటర్‌లో కాదు. ఇంట్లో ఉన్నవాటిలో అతి చవక ఫోను తీసుకుని, నెట్ ఆపి, ఫైలును వాట్సాప్‌లో వచ్చినట్టుగానే తెరవాలి. అక్షరం సైజును ఫోను సెట్టింగుల్లో గరిష్ఠానికి పెంచి, ఏ మాటైనా తెర దాటి పోతోందేమో చూడాలి. మధ్యలో ఒక మాట కాపీ చేసి, అదే మాటను కీబోర్డుతో టైపు చేసి వెతికి, రెండూ కలుస్తున్నాయో లేదో చూడాలి. ఆ తర్వాత ఆండ్రాయిడ్‌లోని గట్టిగా చదివే సదుపాయాన్ని తెలుగు గొంతుతో నడిపి, ఒక అధ్యాయం వినాలి. కన్ను అలవాటుగా సర్దుకుపోయిన వ్యకి్త దగ్గర ఆ గొంతు తడబడుతుంది. తడబడిన చోటల్లా ఆపి గుర్తు పెట్టుకుంటూ పోతే కంటి ప్రూఫుల్లో జారిపోయినవి బయటపడతాయి. దిద్దిన ప్రతి ఫైలు పేరు చివర తేదీ ఉండాలి. వాట్సాప్‌లోకి ఒకసారి వెళ్లిన పాత ప్రతి తిరుగుతూనే ఉంటుంది, ఏది కొత్తదో చెప్పడానికి మిగిలేది ఆ తేదీ ఒక్కటే.